ఔనౌను అంటే ఔట్ కాదు

ఎష్‌బోర్న్,
జూలై 6, 2021

సుభద్రక్కకు,

ఫోన్ల మాట్లాడితే నీ చెవి మిషన్ కుక్కర్ లెక్క కూస్తదంటివి. మెసేజ్ పెడితే కండ్లద్దాలు దొరకయంటివి. సరే, నీ మాట మీదనే కాయితం, పెన్ను పట్టుకున్న. తెలుగు రాయక ఏండ్లాయె. వత్తులు తప్పువోతే ఎర్రసిరాతోని దిద్ది మళ్ల నాకే పంపకు.

ఇంట్ల మస్తు లొల్లి అయింది. నీ మేనకోడలు శ్రావ్య నాతోని మాటలు బంద్ పెట్టింది. ఉప్పు కావాల్నన్నా నీ మరదలు జయలక్ష్మి దిక్కు తిరిగి, "మమ్మీ, ఆయన్ని ఆ ఉప్పు ఇటు జరపమను" అని జర్మన్ల చెప్తది. నేనేమో పక్కనే కూసోని ఉంట. పదిహేనేండ్ల పిల్ల అలిగితే ఇంట్ల మొగోని బతుకు గింతే.

కారణం చెప్పాల్నంటే ముందుగల్ల బేస్‌బాల్ చెప్పాలె. నువ్వు విసుక్కోకు. క్రికెట్ లెక్కనే కట్టె, బంతి. బంతి గాల్లెకెళ్లే వస్తది. కొట్టవోయి తప్పితే స్ట్రైక్ అంటరు. మూడు స్ట్రైకులైతే ఔట్. కొట్టేటోళ్ల వెనుక గ్లవ్ పెట్టుకొని క్యాచర్ కూసుంటది. క్యాచర్ వెనుక నడుం వంచి నిలవడేటోడు అంపైర్. ఆ అంపైర్‌ని నేనే.

నవ్వకు. ఇక్కడ ప్రతి క్లబ్బు లీగ్‌కి కొందరు అంపైర్లను ఇయ్యాలె. శ్రావ్య ఆడే ఎల్‌స్టర్స్ క్లబ్బుల నా పేరు ఎట్ల పడ్డదో నాకు ఇప్పటిదాక సమజ్ కాలె. ఆన్‌లైన్ల క్లాసు, ఆన్‌లైన్ల పరీక్ష, పాసైన. మొన్న ఆదివారం రావాల్సిన అంపైర్ కరోనా క్వారంటైన్ల పడ్డడు. రెండు టీముల కోచ్‌లు ఒప్పుకున్నంకనే నా సొంత బిడ్డ ఆడే మ్యాచ్‌కి నేను నిలవడ్డ.

ఆఖరి ఇన్నింగ్స్. స్కోర్ సమానం. అప్పటికే ఇద్దరు ఔట్, మూడో ఔట్ పడితే మా వంతు ఖతం. ఉరికి ముట్టాల్సిన మూలలను బేస్‌లంటరు. మనోళ్ల పిల్ల ఒకతె మూడో బేస్ మీద ఉన్నది, ఆమె మళ్ల బ్యాట్ కొట్టే కాడికి, అంటే ఇంటికి చేరితే గెలిచినట్టే. బ్యాట్ పట్టుకున్నది మన శ్రావ్య. రెండు స్ట్రైకులైనయ్. మూడో బంతి కిందికొచ్చింది. ఊపింది, తగల్లె. బంతి పోయి క్యాచర్ గ్లవ్‌ల పడ్డది. పడ్డది గని, అంతకు ముందే నేల ముట్టింది. ఇంత దుమ్ము లేశింది, నేను చూసిన.

ఇగ ఇక్కడనే ఒక దరిద్రపు రూలున్నది. మూడో స్ట్రైకు బంతిని క్యాచర్ నేల ముట్టకుండ పట్టాలె. నేల ముడితే బ్యాటర్ ఇంకా సచ్చినట్టు గాదు. బంతి కన్న ముందుగల ఫస్ట్ బేస్‌కి ఉరికితే బతికినట్టే. అప్పుడు అంపైర్ రెండు చేతులు అడ్డంగ సాపి "నో క్యాచ్" అని గట్టిగ అరవాలె.

నేను అరవలె. "ముట్టిందా? ముట్టింది. ఔనౌను" అని మనసుల అనుకున్న. మనసుల అనుకున్నననే అనుకున్న, నోట్లెకెళ్లి బయటికే వచ్చింది. మొఖం మీద ఎఫ్‌ఎఫ్‌పీ మాస్క్, దాని మీద అంపైర్ల ఇనుప మాస్క్. రెండు మాస్కులల్లకెళ్లి వచ్చిన "ఔనౌను" జర్మనోళ్ల చెవులకు "ఔట్, ఔట్" అని వినవడ్డది.

క్యాచర్ పొల్ల బంతిని నిమ్మళంగ దొర్లిచ్చేసి గ్లవ్ తీసింది. అవతలి టీమంత నీళ్ల సీసాల దిక్కు నడిచిండ్రు. మైదానం మొత్తంల ఒక్క శ్రావ్యనే ఉరికింది. ఆమెను చూసి మూడో బేస్ పిల్ల ఉరికింది. నేను చేతులు సాపేసరికి అంత అయిపోయింది. గెలిచినం. క్లబ్బు పుట్టినకాడికెళ్లి మొదటిసారి సెప్టెంబర్ల ఫైనల్స్‌కి పోయేటట్టున్నం.

గెలిచినంక అవతలి కోచ్ క్రుమ్ అనేటాయన మైదానం నడిమిట్లకు వచ్చి ఏమన్నడో తెలుసా? "అంపైర్ తన బిడ్డకు ఎవ్వరికీ రాని భాషల ఉరుకుమని చెప్పిండు" అన్నడు. అందరు శ్రావ్య దిక్కు చూసిండ్రు. బిడ్డ మొఖం ఎర్రగైంది. నావల్ల తన పరువు పోయిందట. ఆ ఆదివారం సంది నేను ఆమెకు గోడతోని సమానం.

నీ తమ్ముడు
తిరుపతిరావు


డెగ్గెన్‌డార్ఫ్,
జూలై 12

తిరుపతీ,

నీ ఉత్తరం మా పక్కింటి పిల్లులు పారిపోయేటట్టు నవ్వుకుంట చదివిన. రెండోసారి ఆట సమజ్ చేసుకుందామని చదివిన. కాలె. ఔటైనోళ్లు మళ్ల లేచి ఉరుకుడేందిరా? నా సర్వీసంత మత్తుడాక్టర్‌గ చేసిన. మత్తుల ఉన్న పేషంట్ బల్ల మీదికెళ్లి దిగి ఉరికినట్టున్నది నీ కథ.

మాస్కుల బాధ మాత్రం నాకు చెప్పకు. రిటైరైనోళ్లందరినీ టీకాల సెంటర్‌కి మళ్ల పిలిచిండ్రు, నేను పోతున్న. ఈ చెవులతోని నేను ఇన్నేండ్లు సగం పెదాలు చూసే విన్న. ఇప్పుడు అందరి పెదాలు మూతవడె. మొన్న ఒక తాతను అలర్జీలున్నయా అని అడిగిన. లేవని జర్మన్ల "నైన్" అన్నడు. నాకు "నోయ్న్" అని, అంటే తొమ్మిదని వినవడ్డది. ఆ తొమ్మిదీ ఏవేవో చెప్పమని కాయితం తీసిన. పాపం తాత చెమటలు పట్టి, లేని అలర్జీలు యాది చేసుకొని నాలుగు చెప్పిండు. ఐదో దానికాడ ఆయన భార్య వచ్చి నన్ను తిట్టింది.

అందుకని నిన్ను నేను తప్పు పట్ట. కానీ నీ ఉత్తరంల అసలు ముక్కనే లేదు. శ్రావ్య ఎందుకు ఉరికింది? నీ మాట విని ఉరికిందా, బంతిని చూసి ఉరికిందా? నాలుగు పేజీలు రాసినవు గాని బిడ్డను ఆ ఒక్క మాట అడిగినట్టు లేదు.

వత్తులు పన్నెండు తప్పులు. దిద్దలే, ఊరుకున్న.

అక్క


ఎష్‌బోర్న్,
జూలై 21

అక్కా,

అడుగుమంటున్నవు. అడిగేదెట్ల? నేను వంటింట్లకు వస్తే ఆమె బాల్కనీలకు పోతది. నేను బాల్కనీలకు పోతే బాత్‌రూంల గొళ్లెం పెట్టుకుంటది. ఉన్నది మూడు రూముల ఇల్లు, ఆమె ఎనుక ఎక్కడికని తిరుగుదు?

సంగతి ముదిరింది. క్రుమ్ లీగ్‌కి ప్రొటెస్ట్ ఇచ్చిండు. ఆగస్టుల విచారణ. అంపైర్ బంతి నేల ముట్టిందంటే దాని మీద వాదించెటందుకు లేదు, అది అంపైర్ కండ్లకే వదిలేసిన ముచ్చట. కానీ అంపైర్ ఒక టీముకు రహస్యంగ సాయం చేసిండంటే గెలుపు గుంజుకుంటరు. ఫైనల్స్ వాళ్లకు పోతయ్. శ్రావ్య టీమ్ పిల్లలు ఏడాదిన్నర ఇండ్లల్ల మగ్గి, గోడలకు బంతులు కొట్టి, ఇన్నాళ్లకు మైదానం మీదికొచ్చిండ్రు. నా నోటి నుంచి జారిన ఒక్క ముక్కతోని అంత పోతదంటే నాకు అన్నం సయిస్తలేదు.

లీగోళ్లు తెలుగు తెలిసిన మనిషి దగ్గర ఆ మాట మీద అభిప్రాయం తెప్పియ్యాల్నన్నరు. నేను డెగ్గెన్‌డార్ఫ్‌ల డాక్టర్ సుభద్ర హోల్ట్సర్ అని ఒక పెద్దామె ఉన్నదని చెప్పిన. పెద్దనాయిన బిడ్డవని చెప్పలె. హాన్స్ బావ ఇంటిపేరు, ఆయన ఆత్మకు శాంతి కలుగ, ఇట్ల అక్కరకొచ్చింది.

నువ్వు రెండే రెండు ముక్కలు రాయాలె. ఒకటి, ఔనౌను అనేది మాట కాదు, దగ్గు లెక్క, తుమ్ము లెక్క నోట్లెకెళ్లి వచ్చే చప్పుడు. రెండు, ఆ పిల్లకు తెలుగు రాదు. రెండోది పచ్చి నిజమే గద. నేను ఏది అడిగినా జర్మన్లనే జవాబు. మనిద్దరం ఎన్నిసార్లు ఈ ముచ్చట మీద బాధ పడలె? ఇన్నేండ్ల బాధ ఇయ్యాల పనికొస్తది. జర దయుంచు.

తిరుపతి


డెగ్గెన్‌డార్ఫ్,
ఆగస్టు 2

తిరుపతీ,

నేను సంతకం పెట్టి మనుషులను మత్తుల దింపినదాన్ని, మళ్ల లేపినదాన్ని. ఆ సంతకం కింద అబద్ధం రాయమంటవా? నీకు సిగ్గు లేదు, నాకన్న ఉండాలె.

లీగ్‌కి పంపిన అభిప్రాయం నకలు దీంట్ల పెట్టిన. మొదటి లైన్లనే నేను నీ అక్కనని రాసిన. ఔను అంటే జర్మన్ల "యా" అని, అది చప్పుడు కాదు మాటేనని రాసిన. మాస్క్ వెనుకకెళ్లి అంటే "ఔట్" అని వినవడుడు సాధ్యమే అని, చెవి తక్కువ మనిషిగ నా అనుభవం కూడ రాసిన. ఇగ ఆ మాటను గబగబ రెండుసార్లంటే ఏం అర్థమనేది అన్న మనిషిని బట్టి ఉంటది, ఇంట్లోవాళ్లను అడుగుమన్న.

రెండో ముక్క నేను రాయలేదు. శ్రావ్యకు తెలుగు రాదని నీకు ఎవడు చెప్పిండు? నాతోని తెలుగులనే మాట్లాడుతది. కరోనా రాక ముందు ఈస్టర్ సెలవులకు నా దగ్గర ఉన్నది గద, అప్పటి సంది. నాకు వినవడాల్నని వీడియోల పెదాలు కనవడేటట్టు ఎదురుంగ కూసోని నిమ్మళంగ ఒక్కొక్క మాట పలుకుతది. తప్పులకు లెక్క లేదు. "అత్తా, నీ మోకాలు నొస్తున్నాడా?" అంటది. ఔ బిడ్డా, వాడు నొస్తనే ఉన్నడు అంట.

నీకు చెప్పొద్దన్నది కాబట్టి చెప్పలే. ఎందుకని అడిగితే, "నాన్నకు తెలిస్తే చుట్టాల ముందు వీడియోల నిలవెట్టి పద్యం చెప్పమంటడు" అన్నది. నువ్వు అంతపనీ చేస్తవు, నాకు తెలుసు. ఇప్పుడు నేను మాట తప్పిన. నీ అబద్ధం ఆపెటందుకు తప్పిన. ఆమెకు నేనే చెప్పుకుంట.

అక్క


ఎష్‌బోర్న్,
ఆగస్టు 9

గౌరవనీయులైన డాక్టర్ హోల్ట్సర్ గారికి,

తమరు పంపిన అభిప్రాయం ముట్టినది. లీగ్ వారికి కూడ ముట్టినట్టు తెలిసినది. తమరి నిజాయితీకి మా క్లబ్బు పిల్లలందరు జీవితాంతం రుణపడి ఉంటరు. క్రుమ్ గారు తమరికి ప్రత్యేకంగ పూలగుత్తి పంపుతరు కావచ్చు.

ఇగ ఈ మర్యాద భాష నాతోని కాదు. అక్కా, ఎంత పని చేసినవే! శత్రువు గూడ మొదటి లైన్ల పొడవడు, రెండో పేజీ దాక ఆగుతడు.

అది పోనీ. ఓడితే ఓడుతం. కానీ నా బిడ్డ తెలుగు మాట్లాడుతదని నీకు తెలుసు, నాకు తెల్వది. ఒకే ఇంట్ల ఉంటం. గోడ అవతల ఉంటది. ఆమె తెలుగు మాట వినక ఎన్నేండ్లాయెనో నేను గుర్తు తెచ్చుకోబోయిన, యాదికి రాలె. నువ్వు ఆరువందల కిలోమీటర్ల దూరం ఉండి చెవి మిషన్ పెట్టుకొని విన్నవు. నాకు మస్తు రోషమొచ్చింది, నీ మీద, ఆమె మీద. ఆఖరుకు ఏడుపొచ్చింది. జయలక్ష్మికి చెప్తే, "నాతోని గూడ అప్పుడప్పుడు మాట్లాడుతది" అన్నది. అంటే నాతోని ఒక్కనితోనే మాట్లాడదన్నమాట.

ఇట్లు,
తమరి తమ్ముడనని తమరే చాటించిన
తిరుపతిరావు


డెగ్గెన్‌డార్ఫ్,
ఆగస్టు 14

తిరుపతీ,

అలిగినవా? అలుగు. మీ తండ్రీబిడ్డలకు అదొక్కటే ఒకరి పోలిక ఒకరికి వచ్చింది.

కార్డు మీద జాగ లేదు, ఒక్క మాట విను. విచారణల ఆ పిల్లను అడుగుతరు. ఆమె ఏం చెప్పినా నడుమల నోరు పెట్టకు. చెప్పుడైపోయేదాక కుదురుగ కూసోని విను. గెలిచినా ఓడినా నాకు రాయి.

ఆరువందలు కాదు, నాలుగువందలే. రోషంల కూడ లెక్క సరిగ రాయాలె.

అక్క


ఎష్‌బోర్న్,
ఆగస్టు 29

అక్కా,

విచారణ అయింది. ఫలితం ముందు చెప్తే నువ్వు మిగతాది చదవవు. అందుకే ఎనుకకు పెట్టిన.

వీడియోలనే పెట్టిండ్రు. శ్రావ్య ఆమె రూంల, నేను నా రూంల. నేను మాట్లాడింది గోడ అవతల ఆమె కంప్యూటర్లకెళ్లి మళ్ల నాకే వినవడుతున్నది. జయలక్ష్మి నడుమల నిలవడి ఇద్దరినీ చేతులతోని చల్లవరుస్తున్నది. విచారణ చేసేటామె ఫ్రౌ జైడెల్. గంభీరమైన మనిషి. క్రుమ్ కోటు, టై కట్టుకొని వచ్చిండు. నీళ్లకని లేచినప్పుడు కింద ఈతచెడ్డీ ఉన్నదని తెలిసింది.

ముందు నన్ను, ఆ రోజు ఎట్లన్నవో అట్లనే అనుమన్నరు. ఎఫ్‌ఎఫ్‌పీ మాస్క్ పెట్టుకున్న. దాని మీద ఇనుప మాస్క్ కట్టుకున్న. ఆఫీసు కుర్చీల కూసోని "ఔనౌను" అన్న.

"ఔట్ అన్నరు" అన్నది ఫ్రౌ జైడెల్.

"లేదమ్మా, ఔనౌను అన్న."

"ఇప్పుడు మళ్ల అన్నరు!" అని అరిచిండు క్రుమ్.

ఎన్నిసార్లన్నా అంతే. జయలక్ష్మి నోట్ల చున్నీ కుక్కుకొని వంటింట్లకు ఉరికింది.

తర్వాత నీ కాయితం చదివిండ్రు. అక్కనని రాసిన లైన్ రాంగనే క్రుమ్ ఎగిరిండు. ఫ్రౌ జైడెల్ ఆయన దిక్కు చల్లగ చూసి, "ఆమె దాచి ఉంటే మనకు తెలిసేదా? తనకు నష్టమయ్యే నిజం చెప్పిన మనిషి మిగతాది కూడ నిజమే రాస్తది" అన్నది. నిన్ను తిట్టిన నోరు నాది, ఏం చెప్పాలె. ఇంట్లోవాళ్లను అడుగుమన్న నీ చివరి లైన్ మాత్రం ఆమె రెండుసార్లు చదివింది. చదివి, "శ్రావ్యా, మీ నాన్న అన్న మాట నీకు అర్థమైతదా?" అని అడిగింది.

"అయితది" అన్నది శ్రావ్య.

క్రుమ్ బల్ల గుద్దిండు. బిడ్డకు రాదని అరుద్దామని నోరు తెరిచిన. నీ కార్డు బల్ల మీదనే ఉన్నది. మూసుకున్న.

"అయితది గని, నాన్న ఒక్కసారంటేనే దానికి యా అని అర్థం" అన్నది శ్రావ్య. "రెండుసార్లంటే, నేను చెప్పింది ఆయన వినలేదని అర్థం. మా ఇంట్ల అందరికీ తెలుసు. ఆయన అంపైర్ అయ్యింది గూడ అట్లనే. క్లబ్బుల కేకులు అమ్మెటందుకు ఒకరు కావాలె, అంపైర్‌గ ఒకరు కావాలె, నీ పేరు దేనికియ్యాలె అని నేనే పోయి అడిగిన. స్క్రీన్ మీదికెళ్లి కండ్లు తియ్యకుంటనే ఔనౌను అన్నడు. నాకు కోపమొచ్చి అంపైర్‌కి ఇచ్చిన."

ఫ్రౌ జైడెల్ పెన్నుతోని మూతి కప్పుకున్నది.

"మరి ఎందుకు ఉరికినవ్?"

"దుమ్ము లేశింది. అంటే బంతి నేల ముట్టింది. ముడితే ఉరకాలె, మా కోచ్ నేర్పింది అదే. నాన్న ఔనౌను అన్నడని ఉరికితే నేను ఇప్పటిదాక ఏడికీ చేరకపోదును."

క్రుమే ముందు నవ్విండు, అక్కా. ఆయనకూ ఇంట్ల ఆడపిల్లలున్నరట. "మా ఇంట్ల అది యా యా" అన్నడు.

గెలుపు గెలుపే అని తీర్పిచ్చిండ్రు. నన్ను మళ్ల క్లాసుకు పొమ్మన్నరు. మైదానంల నేను ఇంగ్లీషుల "నో క్యాచ్" లాంటి అంపైర్ కేకలు తప్ప ఇంకే ముక్కా మాట్లాడొద్దట, చేతులు పూర్తిగ సాపాల్నట. పిల్లలంత ఫోన్లల్ల కేకలు పెట్టిండ్రు, గోడ అవతల వినవడ్డయ్. నాకు సంబురం కావాలె గద, సిగ్గైంది. అంతమంది ముందు నా బిడ్డ నా గురించి ఒక్క అక్షరం తప్పు చెప్పలె.

మర్నాడు సాయంత్రం నేను మీటింగ్ల ఉన్న. తలుపు కాడ ఎవరో నిలవడ్డట్టైతే తలెత్తిన. శ్రావ్య. ఏదో అన్నది, హెడ్‌ఫోన్లల్ల వినవడలే. నోటి మీదికి అలవాటుగ వచ్చేసింది, పండ్లు కరిచి ఆపిన. హెడ్‌ఫోన్లు తీసిన. లాప్‌టాప్ మూసిన. అవతల మా మేనేజర్ ఏదో లెక్క చెప్తుండె, చెప్పుకోనీ.

"మళ్ల చెప్పు బిడ్డా" అన్న.

తెలుగుల చెప్పింది. నీకు చెప్పినట్టే, ఒక్కొక్క మాట నిమ్మళంగ. "నాన్నా, ఫైనల్స్ వస్తున్నాడు. నువ్వు అంపైర్‌గ రావద్దు. కేకులు అమ్మెటందుకు గూడ రావద్దు. ఉత్తగ రా. కూసోని నన్ను చూడు."

కుర్చీ ఆమె దిక్కు తిప్పుకున్న. ఆమె ఇంకా అట్లనే నిలవడి ఉన్నది.

"విన్నవా?" అన్నది.

"ఔను" అన్న. ఒక్కసారే అన్న, అక్కా.

తిరుపతి